చండామార్కుల భయం – బిడ్డల స్వేచ్ఛ

పసిపిల్లల చదువు గురించి మన సాహిత్య సభల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "బిడ్డే గురువు. పంతులు అడ్డు తప్పుకుంటే చాలు, బిడ్డ తనంతట తాను నేర్చుకుంటాడు" అన్నదే ఆ మాట. వినడానికి ఇంపుగా వుంది. బెత్తం మీద నడిచిన బడికి అది ఎదురుతిరుగుడు కూడా. కాని అందులో సగమే నిజం వుందనీ, మిగతా సగం ఎవరి శ్రమనో కప్పిపెడుతోందనీ నా అభిప్రాయం. చల్లపల్లిలో ఇరవై ఏళ్ళుగా తెలుగు పంతులుగా పనిచేస్తున్నాను గనక నాకిది ఉత్త సిద్ధాంత చర్చ కాదు. అయినా పుస్తకాలతోనే మొదలుపెడతాను. పంతులు ఎలాంటి మనిషని మన సాహిత్యం చెబుతూ వచ్చిందో చూస్తే, ఆ సగం నిజం ఎక్కణ్ణించి పుట్టిందో బోధపడుతుంది.

బిడ్డ నడిపిన తరగతి అంటే తెలుగువాడికి మొదట గుర్తొచ్చేది పోతన భాగవతంలో ప్రహ్లాదుడు. గురువులు సొంత పనుల మీద వెళ్ళిన వేళ తోటి రాక్షస బాలకుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అతను పాఠం చెబుతాడు. అంటే గురువు లేని సమయమే అసలైన చదువు సమయం. ఈ ఘట్టాన్ని మనం భక్తికోసం చదివాం, కవిత్వంకోసం చదివాం. చండామార్కుల వైపునుంచి మాత్రం చదవలేదు. వాళ్ళు రాజుగారి కొలువులో వున్న పంతుళ్ళు. ఏం చెప్పాలో రాజు నిర్ణయించాడు. కుర్రవాడు మరొకటి ఒప్పజెప్పేసరికి రాజు వాళ్ళమీద మండిపడ్డాడు. ఇది మేం నేర్పింది కాదని వాళ్ళు వణుకుతూ చెప్పుకోవలసి వచ్చింది. వాళ్ళు దుర్మార్గులని మనం నవ్వుకుంటాం. కాని వాళ్ళలో వున్నది దుర్మార్గం కన్న భయం ఎక్కువ. భయపడే పంతులు బిడ్డ చెప్పేది వినలేడు. వింటే తన కొలువు పోతుంది.

రెండో పంతులు గిరీశం. 'కన్యాశుల్కం'లో వెంకటేశాన్ని కొట్టనివాడు, తిట్టనివాడు, నేస్తంలాగా కలిసి తిరిగేవాడు గిరీశం ఒక్కడే. శిష్యుడి ఇష్టాయిష్టాలు అతనికి బాగా తెలుసు. మరి బిడ్డకు స్వేచ్ఛ ఇచ్చిన గురువని అతన్ని అనగలమా? వెంకటేశం అతని దగ్గర నేర్చింది చుట్ట కాల్చడం, తండ్రిని మభ్యపెట్టే నాలుగు ఇంగ్లీషు ముక్కలూను. గిరీశం వెంకటేశం వెంట నడవలేదు, వెంకటేశాన్ని తన అవసరానికి వాడుకున్నాడు. బిడ్డతో చనువుగా వుండడం వేరు, బిడ్డ ఎదుగుదలకు పూచీ పడడం వేరు. 1909 నాటి రెండో కూర్పుతో మనకు దక్కిన ఆ నాటకంలో గురజాడ ఈ తేడాను ఎంత స్పష్టంగా చూపించాడో, నేటి 'స్వేచ్ఛా విద్య' ప్రచారకులు ఒకసారి తిరగేసి చూడడం మంచిది.

ఈ ఇద్దరి తర్వాత మన స్వీయచరిత్రల్లోనూ కథల్లోనూ వచ్చే వీధిబడి పంతులు వున్నాడు. కోదండం వేయించేవాడు, గోడకుర్చీ వేయించేవాడు, తొడపాశం పెట్టేవాడు. అతనికి ఎదురుగా పటం కట్టి దండ వేసిన గురుదేవుడు. ఒకడు రాక్షసుడు, మరొకడు దేవుడు. పొద్దున్నే లేచి, ఇవాళ ఈ పిల్లలతో ఏం చెయ్యాలా అని తల పట్టుకునే పనిమనిషిలాంటి పంతులు మాత్రం మనకు అరుదు.

ఆ మనిషి మనకు అనువాదాల్లో దొరికాడు. గిజుభాయి బధేకా గుజరాతీలో 1932లో రాసిన 'దివాస్వప్న' మనకు 'పగటికల'గా తెలుసు. గిజుభాయి వకీలు వృత్తి వదిలి భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరం తెరిచినవాడు. తెత్సుకో కురొయనాగి 1981లో జపానులో వెలువరించిన పుస్తకం మనకు 'రైలుబడి' అయింది. తెలుగు ఉపాధ్యాయులు ఎక్కువగా చేతులు మార్చుకున్న విద్యా గ్రంథాల్లో ఈ రెండూ ముందుంటాయి. రెండూ ఒకే సంగతి చెబుతాయని మనవాళ్ళ నమ్మకం. నేను అలా అనుకోను. కథ ఎవరు చెబుతున్నారన్న దాంట్లోనే వాటి మధ్య పెద్ద తేడా వుంది.

'రైలుబడి' చెప్పేది ఆ బడిలో చదివిన పిల్ల, పెద్దయ్యాక. అంచేత అక్కడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మనకు ఆ పిల్ల కంటి ఎత్తునుంచే కనిపిస్తాడు. మొదటి రోజున ఆ పిల్ల నాలుగు గంటలపాటు మాట్లాడుతూంటే ఆయన విసుగు లేకుండా విన్నాడు. బిడ్డకు అది అద్భుతం. ఆ ఓపిక వెనక ఎన్నేళ్ళ సాధన వుందో బిడ్డకు ఎలా తెలుస్తుంది? ఆయన యూరప్ వెళ్ళి దాల్‌క్రోజ్ దగ్గర లయశిక్షణ నేర్చుకున్నాడనీ, ఆ తర్వాత 1937లో తొమోయె బడి పెట్టాడనీ రచయిత్రి వెనకమాటలో చెబుతుంది. కథ చదివి కళ్ళు తుడుచుకున్న పాఠకుడు ఆ వెనకమాటను పెద్దగా పట్టించుకోడు. అతనికి మిగిలేది రైలుపెట్టెలూ, ఒక మంచి మనిషీ.

'పగటికల' చెప్పేది పంతులే. లక్ష్మీరాం అనే ఆ పంతులు విద్యాధికారిని అడిగి, నాలుగో తరగతిని ఒక్క ఏడాదికి తీసుకుంటాడు. మొదటి రోజునే బోర్లా పడతాడు. నిశ్శబ్దంగా వుండే ఆట ఆడిద్దామనుకుంటే పిల్లలు జంతువుల కూతలు కూసి గొడవ చేస్తారు. ఇంటికి పంపేసి, మర్నాడు కథతో మొదలుపెడతాడు. తోటి పంతుళ్ళు నవ్వుతారు, తల్లిదండ్రులు సందేహిస్తారు, ఏడాది చివర పరీక్ష కాచుకుని వుంటుంది. బిడ్డలు తమంతట తాము నేర్చుకున్నట్టు కనిపించే ప్రతి పూట వెనకా ఆయన ఆలోచనా, తయారీ, ఓటమీ కనిపిస్తాయి. ఈ పుస్తకం గొప్పతనం అందులోని కథలూ ఆటలూ కాదు. పక్కకు తప్పుకోవడం కూడా ఒక పనేనని, పాఠం చెప్పడం కన్న కష్టమైన పనని చూపించడం దాని గొప్పతనం.

అయితే లక్ష్మీరాంకు ఒక వెసులుబాటు వుంది. అధికారి అనుమతి వుంది. ఒకే ఒక తరగతి వుంది. తనకు తోచింది చేసి, తప్పితే మర్నాడు మార్చుకునే వీలుంది. ఆయన చండామార్కుడు కాడు. ఆ వెసులుబాటు లేనివాడికి 'పగటికల' చేతికిచ్చి నువ్వూ ఇలా చెయ్యమంటే అది ఎకసెక్కమవుతుంది.

ఇక్కడే భౌతిక పరిస్థితుల ప్రశ్న వస్తుంది. మరియా మాంటిసోరి మొదటి బాలగృహం 1907 జనవరి 6న రోమునగరంలోని శాన్ లొరెంజో పేటలో తెరుచుకుంది. అది కూలినాలి జనం వుండే పేట. తల్లులు పనికి పోతే పిల్లలు గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారని, ఆ ఇళ్ళ యాజమాన్య కంపెనీ బాలగృహానికి చోటిచ్చింది. అంటే బిడ్డల స్వేచ్ఛకు మొదటి పెట్టుబడి గోడల మీది ప్రేమనుంచి వచ్చింది. మాంటిసోరి గొప్పతనమేమంటే, ఆ గోడల కాపలాను ఆమె బిడ్డల చదువుగా మార్చింది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే వుంది. తర్వాత కాలంలో మన పట్నాల్లో ఆమె పేరు ఏమైంది? కూలి బిడ్డలకోసం పుట్టిన పేరు ఫీజులు కట్టగలవాళ్ళ బళ్ళకు బోర్డయింది. లోపల మాత్రం మూడేళ్ళ బిడ్డ చేత అక్షరాలు దిద్దించడమే.

ఆ చదువును తిరిగి కూలి బిడ్డల దగ్గరకు తెచ్చినవాళ్ళలో తారాబాయి మోడక్ ముఖ్యురాలు. భావనగర్‌లో గిజుభాయితో కలిసి పనిచేసిన ఆమె 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో బాలశిక్షణ కేంద్రం పెట్టింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిళ్ళలోకి వెళ్ళింది. అలా వాకిట్లో నడిచిన బడికే అంగన్‌వాడీ అని పేరు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని 33 బ్లాకుల్లో ప్రారంభించినప్పుడు ఆ పేరు దేశమంతటికీ వచ్చింది. పేరు వచ్చింది గాని, అందులోని బడి చిక్కిపోయింది. పథకం చెప్పిన ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు వగైరా అన్నీ ఆ ఒక్క టీచరు చేతి మీదుగానే నడవాలి. అవి అక్కరలేనివని నేననను. ఆకలితో వున్న బిడ్డకు ఆటలేమిటి? కాని అన్నిటికీ ఒకే మనిషి అంటే, చివరికి మిగలనిది బిడ్డను చూస్తూ కూర్చునే తీరికే.

ఆ తీరికలో ఏం జరుగుతుందో మా ప్రాంతంలోని ఒక వూళ్ళో చూశాను. నాట్ల రోజులు. తల్లులు తెల్లవారకముందే చేలకు పోయారు. కేంద్రంలో పిల్లలు చింతగింజలూ, గవ్వలూ, తాటాకు ముక్కలూ పెట్టుకుని వంట ఆట ఆడుతున్నారు. టీచరు ఏమీ నేర్పడం లేదు, గోడవారగా కూర్చుని చూస్తోంది. ఆటను పిల్లలే నడుపుతున్నారు. నడుపుతూ నడుపుతూ ఏం చేశారు? ఆడపిల్లల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. మగపిల్లలు 'కామందులై' కూలి డబ్బులు పంచుతున్నారు. పల్లెనుంచి వచ్చిన ఒక పిల్లవాడికి ఏ వేషమూ దొరకలేదు. అప్పుడు టీచరు లేచి వెళ్ళి ఆ పిల్లవాడి పక్కన కూర్చుంది. "కామందుగారూ, ఇవాళ లెక్క ఈయన రాస్తాడంట. ఎన్ని గింజలిచ్చారో ఈయనకు చెప్పండి. వంట చేసినవాళ్ళకి కూలి లేదా?" అంది. అంతే. మళ్ళీ గోడవారకు వచ్చేసింది. లెక్క మొదలైంది, తగాదా మొదలైంది, పొయ్యి దగ్గరి పిల్లలు కూలి అడగడం మొదలైంది.

ఆమె ఆటను ఆపలేదు, నీతి చెప్పలేదు. కాని ఆమె లేకపోతే ఆ ఆట వూరి వ్యవస్థనే మళ్ళీ నాటేది. బిడ్డ ఇష్టం ఆకాశంనుంచి ఊడిపడదు. కులం, ఆడామగా తేడా, కామందూ కూలీ అన్నీ మూడేళ్ళకే బిడ్డ ఆటలోకి వచ్చేస్తాయి. అంచేత 'బిడ్డల్ని వదిలెయ్యండి' అనడం కొన్నిసార్లు బలమైన బిడ్డ చేతికి బలహీనమైన బిడ్డను వదిలెయ్యడమే అవుతుంది. ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో, లేచి ఎన్ని మాటలు మాట్లాడి ఎక్కడ ఆపాలో తెలియడమే పసిపిల్లల టీచరు విద్వత్తు.

"ఆటలాడుకోడానికి బడెందుకు, నాలుగక్షరాలు చెప్పండి" అని నిలదీసే కూలితల్లిని మనవాళ్ళు అజ్ఞానురాలంటారు. అది అన్యాయం. ఈ చల్లపల్లి జమీందారీలో భూమికోసం తరాలు పోరాడాయి. పట్టాలూ, రసీదులూ, కోర్టు కాగితాలూ చదవగలిగినవాడిదే ఇక్కడ పైచెయ్యి. అక్షరం లేనందువల్ల ఏం పోగొట్టుకున్నదీ ఆ తల్లికి మనకన్న బాగా తెలుసు. ఆమెకు జవాబు చెప్పవలసిన బాధ్యత మనదే. గింజలు లెక్కపెట్టే చెయ్యే రేపు అంకె వేస్తుందనీ, ఆటలో వాదించిన నోరే కాగితం మీద ప్రశ్న అడుగుతుందనీ ఆమెకు కళ్ళముందు చూపించాలి. అలా చూపించగలది టీచరే, కరపత్రం కాదు.

మరి ఆ టీచరును మనం ఎలా చూస్తున్నాం? 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళనుంచి ఎనిమిదేళ్ళదాకా ఒకే పునాది దశ అంది, ఆటే దానికి ఆధారమంది. మాట మంచిదే. ఆ దశలో మొదటి మూడేళ్ళూ అంగన్‌వాడీలవే. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చాక ఆ టీచరు వివరాలన్నీ ఫోనులో ఎక్కించాలి. చూపు బిడ్డమీద వుండాలా, ఫోనుమీదా? జీతం అనే మాట ఆమెకు లేదు, ఇచ్చేది గౌరవ వేతనం. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగేనాటికి అది నెలకు 11,500 రూపాయలు. సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. పని అత్యవసరమైనది, పనిచేసే మనిషి మాత్రం ఉద్యోగి కాదు! వీళ్ళకు గ్రాట్యుటీ హక్కుందని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు ఒక గుజరాత్ కేసులో తీర్పు చెప్పింది.

'బిడ్డ తనంతట తానే నేర్చుకుంటాడు' అన్న మాట ఎవరికి లాభమో ఇప్పుడు తెలుస్తుంది. బిడ్డే నేర్చుకునేటట్టయితే టీచరుకు శిక్షణెందుకు, జీతమెందుకు? అందమైన మాట చవక కూలికి సమర్థన అయిపోతుంది. కొలువు భయంతో, తనిఖీ భయంతో బతికే మనిషి బిడ్డకు స్వేచ్ఛ ఇవ్వలేదు. తనకు లేనిదాన్ని ఎవరైనా ఎలా ఇస్తారు? చండామార్కులు మారాలంటే ముందు కొలువు మారాలి.

రచయితలకు, ముఖ్యంగా కొత్తగా రాస్తున్న విద్యార్థి మిత్రులకు నాదొక మనవి. మన కథల్లో బిడ్డ వున్నాడు, బెత్తం వుంది, తల్లి కన్నీరుంది. గోడవారగా కూర్చుని, చేతులు కట్టుకుని, కళ్ళతో పనిచేసే ఆ స్త్రీ, నేను చదివినంతలో, దాదాపు లేదు. ఆమె మీద జాలి కథ రాయకండి, దండ వేసి దేవతనూ చెయ్యకండి. ఆమె ఏం చేస్తుందో రాయండి. ఎందుకు లేచింది, ఎందుకు లేవకుండా వుండిపోయింది, లేవాలనుకున్న క్షణంలో ఏ ఫోను మోగింది – అది రాయండి. పనిని పనిగా చూపించడం అభ్యుదయ సాహిత్యం మొదటినుంచీ నెత్తిన వేసుకున్న బాధ్యత. పసిపిల్లల టీచరు పని ఆ లెక్కలోకి ఇంకా రాలేదు.