చింతగింజల పంక్తి

హోసూరు వైపున ఒక ఇంజినీరింగు కళాశాలలో చదువుచున్న మా మేనల్లుడు, తమ భోజనశాలను కంప్యూటరులో కట్టి, మధ్యాహ్నపు గంట కొట్టినది మొదలు పిల్లలు గుంపులుగా వచ్చుట, పళ్లెము తీసికొనుట, అన్నము కడ, సాంబారు కడ నిలుచుట, తిని కుళాయి దగ్గరకు పోవుట, ఇదంతయు వేయిసార్లు నడిపించి, ఆ కాగితములను ఆదివారము డెంకణికోటకు తెచ్చి నా ముందుంచెను. దీనిని సిమ్యులేషన్ అందురు. పిల్లలకు అన్నము పెట్టుటకు ఇంత యంత్రమేల యని నాకు చిరాకు కలిగినది.

ఈ కాలమ్ చదువువారికి మా తాతగారి చింతగింజలు క్రొత్త గావు. బేటరాయస్వామి రథోత్సవమునాడు మా వీధిలో జరుగు సంతర్పణకు ముందటి రాత్రి, ఆయన వసారాలో సుద్దముక్కతో పంక్తులు గీసి, విస్తరికొక గింజ చొప్పున పరచి, వడ్డనవారికి మారుగా గవ్వలను పెట్టి, అన్నపు గంప ఈ చివరకు చేరునప్పటికి ఆ మొదట కూర్చున్నవారు రసమునకు వచ్చియుందురా యని, గవ్వలను జరుపుచు నడిరేయి వరకు చూచెడివారు. వాన వచ్చినచో? కెలమంగలము బండ్లు ఒక్కపెట్టున దిగినచో? అప్పుడు పిడికెడు గింజలు విసరి, పడినన్ని విస్తళ్లు అదనముగా చేర్చి, మరల మొదటినుండి ఆరంభించెడివారు. వంటశాలలో పోపు వాసన, లాంతరు వెలుతురు, నేలపై ఆ గింజల చప్పుడు నాకిప్పటికిని మనసున మెదలుచున్నవి.

1946లో స్టానిస్లా ఉలామ్ అను గణితజ్ఞుడు జబ్బుపడి కోలుకొనుచు, పేకముక్కలతో ఒంటరి ఆట ఆడుచు, గెలుపు ఎన్నిమార్లు వచ్చునో సూత్రముతో సాధించుట కంటె నూరుసార్లు ఆడి లెక్కించుట సులువు గదా యని తలచెను; మాంటీ కార్లో పద్ధతికి బీజమదియే. ఈ సంగతి చదివిన నాడు మా వసారా కనులకు కట్టినది. అంతకుముందే, 1909లో, కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేయు ఎర్లాంగ్ ఎప్పుడు వచ్చునో తెలియని పిలుపులకు లెక్క కట్టియుండెను. ఆ దారిలో తేలిన విషయమొకటి వంటవారందరును ఎరుగదగినది: వచ్చువారి రాకకును వడ్డన కాలమునకును నియతి లేనిచోట, ఒక్కడే వడ్డించుచు, వాని కాలములో నూటికి 80 పాళ్లు పని నిండియున్నచో, వచ్చినవాడు సగటున నాలుగు వడ్డనల కాలము కాచుకొనవలెను, 90 పాళ్లయినచో 9, 95 అయినచో 19. పని కొంచెము పెరిగినంతనే కాచుకొను వేళ కొండంత పెరుగును. మా తాతగారు వడ్డనవారిలో ఒకనిని ఎప్పుడును ఊరకనే నిలుపుట ఇందులకే.

కావున అనుభవమునకు యంత్రము చేర్చినదేమియు లేదని వ్రాయుటకే కూర్చుంటిని. మావాడు రెండవ కాగితము త్రిప్పి, “సగటు చూడద్దు మామా, కడాన వచ్చినోణ్ణి చూడు” అనెను. కళాశాలవారు మరియొక వడ్డన బల్ల వేయదలచియుండిరి. ఆ బల్ల వేసి నడిపించినను, ఆలస్యముగా దిగు మా వైపు బస్సు పిల్లలు కాచుకొను వేళ ఏమంత తగ్గలేదు. వారు కాచుకొనుచున్నది అన్నమునకు గాదు, కడిగిన పళ్లెమునకు. కుళాయి కడనున్న ఇద్దరు ఆడవారికి నడుము వాల్చు వేళ ఎంతయో తెలుపు గీత కూడ ఆ కాగితములో ఉండెను. అది దాదాపు నేలకంటియుండెను.

ఆ గీతను చూచుచు చాలసేపు మాటాడలేకపోతిని. తాతగారు అందరి ఆకలియు ఎరిగిన మనిషి; అయినను ఆయన నేలపై మా అవ్వకు గింజ లేదు, విస్తళ్లెత్తువారికి గింజ లేదు. అతిథి లేచినంతనే ఆయన పంక్తి ముగిసెడిది. అవ్వ దీపాలవేళకు చల్లారిన అన్నము తినెడిది. తాతగారి ఆ చూపును ఇన్నేండ్లును ఇక్కడ నేను కొనియాడుచు వచ్చితిని. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస నిచ్చి, ఎవరిని విడిచితిమో చూపునది యైనచో, ఆ యంత్రము నాకు కావలెను; వసతిగృహపు నీళ్లకును, ప్రవేశముల కిటికీకిని కావలెను.

మావాని లెక్కకు ఇంకొక కొరత యున్నది. డెంకణికోటనుండి మత్తిగిరి మీదుగా పోవు ఉదయపు బస్సు పట్టికలోని వేళ వానికి చాలదట. ఆ వేళ ఏ నాడు ఎంత తప్పునో కావలెనట. మంగళ, బుధవారములు నోటుపుస్తకముతో బస్టాండులో కూర్చుంటిని. ఇంకను పదుమూడు దినములు కూర్చుండవలెను.