శ్రోత ముఖం, శ్రోత మాట

'హెయ్మా' అంటే ఐస్‌లాండ్ భాషలో 'ఇంటి దగ్గర' అని అర్థం. దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న సిగుర్ రోస్ సంగీత బృందం 2006 వేసవిలో సొంతగడ్డకు తిరిగొచ్చి ఊరూరా ఉచితంగా పాడింది. ఆ పర్యటన మీద డీన్ డెబ్లువా తీసిన డాక్యుమెంటరీ 2007లో వచ్చింది. టిక్కెట్టు లేని సంగీతం జనం మధ్యకు వెళ్లడమే ఇందులోని వస్తువు.

శిల్పం ఆ వస్తువుకు తగినట్టే ఉంది. హెర్రింగ్ చేపలు కరువై 1954లో మూతపడ్డ డ్యూపావిక్ కర్మాగారంలో పాట మోగుతుంది. అల్యూమినియం పరిశ్రమకు కరెంటు కోసం కట్టిన కారహ్న్యూకర్ ఆనకట్టను వ్యతిరేకించిన వారి శిబిరంలో, విద్యుత్ వాద్యాలను పక్కనబెట్టి వాయిస్తారు. ఉపన్యాసం లేకుండానే పక్షం తెలుస్తుంది.

లోపం మరోచోట ఉంది. శ్రోతల ముఖాలను ఆప్యాయంగా చూపిన కెమెరా వారిని మాట్లాడించింది తక్కువ. మాటలు ఎక్కువగా వాద్యకారులవే. పాట ఎవరి కోసమో, వారికి అది ఏమైందో ప్రేక్షకుడు ఊహించుకోవలసిందే.

హిందూపురం, పెనుకొండ ప్రాంతాల కళలపై చిత్రం తీయదలచినవారు ఈ బలాన్నీ లోపాన్నీ గమనించాలి. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గి, అక్కడి చేతులు అదే తోలుతో లాంప్‌షేడ్లు చేస్తున్నాయి. రంగుల తోలు కెమెరాకు తేలిగ్గా చిక్కుతుంది. బొమ్మను ఆడిస్తూ పాడే గొంతునూ, రాత్రంతా కూర్చుని విన్న రైతునూ, మగ్గం కార్మికుణ్ణీ మాట్లాడించకపోతే ఆ చిత్రం బొమ్మల కొట్టు కేటలాగుగానే మిగులుతుంది.