టిక్కుమన్నా వెలగని దీపం

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల ఎలక్ట్రీషియన్ హెడ్‌లైట్ స్విచ్ వేయించి, రిలే మీద వేలు ఆనిస్తాడు. టిక్కుమందా, 85, 86 పిన్నుల మధ్య కాయిల్ బతికే ఉంది. ఫ్యూజు, బల్బు బాగుండీ దీపం వెలగలేదంటే 30, 87లను కలిపే కాంటాక్టుల మీదే అనుమానం. మూత ఊడదీసి, సన్నని ఎమరీ కాగితంతో మసి తుడుస్తాడు.

కొన్నిట్లో జబ్బు ఇంకా లోపల: ఏళ్ల వేడికీ అదురుకీ టంకం చుట్టూ వెంట్రుకంత బీట. 1990ల నాటి హోండా కార్ల మెయిన్ రిలేకి ఇది పేరుపడ్డ రోగం. ఎండలో నిలిపితే స్టార్ట్ కాదు. చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు కదులుతుంది! పాత టంకం తీసి కొత్తది పెడితే సరి.

కొత్త రిలే కొనడం తేలికే. అయినా ఎందుకు మాడిందో చూడకుండా మార్చేసేవాడికంటే, విప్పి చూసేవాడికే నా బండి తాళం ఇస్తాను.