మేలుకొనని కంప్యూటరు: ఒక నివేదికపై విమర్శ

2024 జూలై 19వ తేదీన శంషాబాదు విమానాశ్రయమందు కొందరు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చిరి. మహబూబ్‌నగరునుండి గాని నల్లగొండనుండి గాని దూరదేశములకు పోవువారు సాధారణముగా విమానమెక్కునది అక్కడనే. ఆనాడు విమానములు చెడలేదు. ప్రయాణికుల వివరములు చూపవలసిన కంప్యూటరు వ్యవస్థలు నిలిచిపోయినవి. అదే దినమున ప్రపంచమంతట సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు మొరాయించినవని మైక్రోసాఫ్ట్ సంస్థ అంచనా వేసినది. యంత్రము నీలితెర చూపి ఆగును. ఆపి మరల వేసినను అదే నీలితెర.

ఇందుకు కారణము వైరసు కాదు, శత్రువుల దాడియు కాదు. అట్టి దాడులనుండి యంత్రములను కాపాడుటకై క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థ పంపిన ఒక చిన్న సవరణ ఫైలే కారణము. ఆ సంస్థ తన తప్పును వివరించుచు ఆగస్టు 6న ఒక నివేదిక ప్రకటించినది. అందు మెచ్చదగినదేమి, లోపించినదేమి అను విషయము సామాన్య కంప్యూటరు యజమాని కూడ తెలిసికొనదగినది.

మొదట గుణమును చెప్పవలెను. నివేదిక కారణమును దాచలేదు. క్రొత్త ఫైలు 21 అంశములను పరిశీలింపుమని కోరినది. దానిని చదువు ప్రోగ్రామునకు అందినవి 20 మాత్రమే. 20 గడులున్న రిజిస్టరులో 21వ గడి చదువుమని ఉత్తరువు వచ్చినచో గుమాస్తా తెల్లబోయి ఊరకుండును. ప్రోగ్రాము ఊరకుండక, గీత దాటి తనది కాని స్మృతిభాగమును చదువబోయి కూలిపోయినది. అంతకుముందు పరీక్షలలో 21వ అంశమునకు ‘ఏదైనను సరే’ అని వ్రాసియుండుటచేత ఈ లోపము బయటపడలేదు. అది మామూలు ప్రోగ్రామైనచో అదొక్కటే ఆగియుండెడిది. కాని అది యంత్రము మేలుకొనునప్పుడే కెర్నెల్ అను అంతరంగ భాగమున చేరి పనిచేయునట్టిది. అక్కడ తప్పు జరిగినచో యంత్రమంతయు ఆగును; మరల వేయగనే ఆ ఫైలే చదువబడి మరల ఆగును.

ఇకమీదట ఇట్టి సవరణలను అంచెలంచెలుగా పంపుదుమని కూడ నివేదిక చెప్పినది. ఇచ్చట విమర్శకు తావున్నది. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల మెట్ట రైతు క్రొత్త ఆముదపు విత్తనము దొరికినదని చేనంతయు దానితో నింపడు. ముందు నాలుగు గుంటలలో వేసి చూచును. ఈ జాగ్రత్త ఆ సంస్థకు తెలియనిది కాదు. ముఖ్య ప్రోగ్రామును వెంటనే తీసికొనక కొంత ఆగి తీసికొను వీలు వాడుకదారులకు ముందే ఉండెను. చిన్న ఫైళ్లకు మాత్రము ఆ వీలు లేకుండెను. చిన్నదని ఎంచినదే పెద్ద నష్టము తెచ్చినది. ఆ జాగ్రత్త అంతవరకు ఎందుకు లేకపోయెనో నివేదిక తగినంతగా వివరింపలేదు.

ఇంతకంటె పెద్ద లోపము చికిత్స విషయమున ఉన్నది. చెడ్డ ఫైలు భారత కాలమానము ప్రకారము ఉదయము 9-39కి వెలువడి 10-57కి ఉపసంహరింపబడినది. అనగా 78 నిమిషములు. కాని యంత్రములు సుమారు 99 శాతము మరల పనిలోకి వచ్చినవని ఆ సంస్థ చెప్పగలుగుటకు జూలై 29 వరకు పట్టినది. మందు కఠినమైనది కాదు. యంత్రమును సేఫ్ మోడులో, అనగా అత్యవసర భాగములతో మాత్రమే మేలుకొలిపి, ‘సి-00000291’తో మొదలగు ఫైలును తుడిచివేసి, మరల వేయవలెను. అయితే మేలుకొనని యంత్రమునకు దూరమునుండి మందు పంపుట కష్టము. ప్రతి యంత్రము ముందు ఒక మనిషి కూర్చుండవలసి వచ్చినది. డిస్కునకు బిట్‌లాకరు తాళమున్నచో 48 అంకెల సంఖ్య కూడ కావలెను. నివేదిక రోగము పుట్టిన తీరును విచారించినంత శ్రద్ధతో, రోగి చెంతకు మందు చేరు దారిని విచారింపలేదు.

ఈ లోటు నిజమైనదని తరువాతి పరిణామమే చూపుచున్నది. మేలుకొనలేని యంత్రమే మరమ్మతు ద్వారమునుండి ఇంటర్నెట్టునకు చేరి మందు తెచ్చుకొను ‘క్విక్ మెషీన్ రికవరీ’ అను ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో ప్రకటించి, 2025లో విండోస్ 11లో చేర్చినది.

క్రౌడ్‌స్ట్రైక్ ప్రోగ్రాము ముఖ్యముగా సంస్థలు వాడునది గనుక ఇండ్లలోని యంత్రములకు ఆనాడు బాధ అంతగా కలుగలేదు. దేశమున 10 బ్యాంకులకు, ఆర్థిక సంస్థలకు మాత్రమే స్వల్ప అంతరాయము కలిగినదని రిజర్వు బ్యాంకు తెలిపినది. అయినను మిర్యాలగూడ రైసుమిల్లు లెక్కలకు గాని, నారాయణపేట చీరల వర్తకుని పద్దులకు గాని ఇట్టి ఆపద రాదనరాదు. మామూలు విండోస్ సవరణ తరువాత కూడ యంత్రము మొరాయింపవచ్చును. అప్పుడు వెంటనే ‘ఫార్మాటు’ చేయించుట హానికరము. అది యంత్రమును లేపును గాని పద్దులను తుడిచిపెట్టును. సవరణ ఇంకను సాగుచున్నదేమో ముందు కొంతసేపు వేచి చూడవలెను. అప్పటికిని లేవనిచో, మేలుకొనుచుండగా పవరు మీట నొక్కిపట్టి రెండు మూడు సార్లు ఆపినచో మరమ్మతు పుట వచ్చును. అందు ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అను మెట్లను వరుసగా ఎన్నుకొని కడపటి సవరణను తీసివేయవచ్చును. అది కుదరనిచో స్టార్టప్ రిపేర్, సిస్టం రిస్టోర్ కలవు. తాళపుసంఖ్యను ముందే కాగితముపై వ్రాసి, పద్దుల ప్రతిని వేరొక డిస్కులో దాచుకొనినచో ఈ పని భయము లేకుండ చేయవచ్చును.

నివేదికలోని శాస్త్రము సరియైనది. దాని పరిధియే చిన్నది. దూరమున కూర్చున్న నిపుణుడు పంపిన సవరణను తీసివేయు దారి, తెర ముందు కూర్చున్నవాని చేతిలో ఉండవలెను. ఇకముందు వచ్చు ఇట్టి నివేదికలను కొలువవలసినది ఈ ప్రమాణముతోనే.