జేబు మీది రెక్క

బళ్ళారి జీన్స్ ప్యాంటు వెనక జేబును తిప్పి చూడండి. దారంతో కుట్టిన రెక్క బొమ్మ ఉందనుకుందాం. సూది కిందికి వచ్చేలోపు అది కంప్యూటర్‌లో రెండు మూడు వేషాలు మార్చే ఉంటుంది.

ఫోటో అంటే రంగు గళ్ళు. పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా విరుగుతాయి. వెక్టర్ బొమ్మ మెలికల ముగ్గు లాంటిది: చుక్క ఎక్కడ, గీత ఏ వంపు తిరగాలి అన్న లెక్కే ఫైలులో ఉంటుంది. గడప ముందు వేసినా గుడి ముందు వేసినా ముగ్గు అదే. ఈ వంపులకు 1960లలో రెనో కార్ల కంపెనీలో పనిచేసిన పియెర్ బెజియే పేరు నిలిచింది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లోనే ఆ దారి తొక్కినా, కంపెనీ గుట్టుగా ఉంచడంతో పేరు దక్కలేదు.

వెక్టర్ ఫైళ్ళలో రకాలున్నాయి: కోరల్‌డ్రాది సీడీఆర్, ఇలస్ట్రేటర్‌ది ఏఐ, ప్రెస్సుల పాతకాపు ఈపీఎస్, 2001లో వెబ్‌కు ప్రమాణమైన ఎస్‌వీజీ. ఒకదాన్ని ఇంకోదానిగా మారిస్తే ఎంతో కొంత జారిపోతుంది. ఈపీఎస్‌కు పారదర్శకత తెలియదు. మెత్తటి నీడ అందులోకి వెళ్తే ముక్కలై అతుక్కుంటుంది.

అక్షరాల గొడవ వేరు. బళ్ళారిలో అవి రెండు భాషలవి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది, ఆదోని, రాయదుర్గం ఆంధ్రలోకి వచ్చాయి. తెలుగు మాత్రం రెండు వైపులా ఉండిపోయింది. శుభలేఖ ఒక వైపు నుడి ఫాంటులో కన్నడం, మరో వైపు అను ఫాంటులో తెలుగు అనుకోండి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే లగ్నం కాస్తా ఇంగ్లిషు అక్షరాల గజిబిజి. అందుకే ప్రెస్సుకు పంపేముందు కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కి ‘కర్వ్స్’ చేస్తారు. అప్పటినుంచి అవి అక్షరాలు కావు, ఉత్త బొమ్మలు. పెళ్ళికొడుకు పేరులో ఒత్తు తప్పిందని ఫోను వస్తే టైపు చేసి దిద్దే వీల్లేదు. అసలు ఫైలు దాచుకున్నవాడే గట్టెక్కుతాడు.

జేపీజీ ఫోటోను పీడీఎఫ్‌గా సేవ్ చేసి వెక్టర్ అని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. బొమ్మ గీతల చట్రాన్ని చూపే వైర్‌ఫ్రేమ్‌లో చూస్తే గుట్టు రట్టు: గీతలుండవు, ఫోటోయే ఉంటుంది.

బట్ట కత్తిరింపు డిజైన్లు మోసే డీఎక్స్‌ఎఫ్‌లో ఇంకో మడత పేచీ. కొలత ఏ ప్రమాణమో సరిచూడకపోతే 150 మిల్లీమీటర్ల జేబు 150 అంగుళాలై కూర్చుంటుంది.

ఇక ఎంబ్రాయిడరీ. పంచింగ్ చేసేవాడు రెక్క గీతలను కుట్లుగా మలిచి, జపాన్ తజిమా మిషన్ల డీఎస్‌టీగా మారుస్తాడు. అందులో వంపులు లేవు. సూది ఎటు ఎంత జరగాలో మిల్లీమీటరులో పదో వంతు లెక్కన ఉంటుంది, అంతే. పిండిని మళ్ళీ గోధుమ చేయలేనట్టు, దాన్నుంచి పాత గీతలు యథాతథంగా రావు. మిషన్ మీదే బొమ్మ సైజు పెంచితే కుట్ల మధ్య ఎడం పెరిగి బట్ట తొంగిచూస్తుంది.

దారం రంగు కూడా డీఎస్‌టీకి తెలియదు, ‘ఇక్కడ రంగు మార్చు’ అని మాత్రమే చెబుతుంది. అందుకే పెన్‌డ్రైవుతో పాటు కోన్ల నంబర్లు రాసిన చీటీ వెళ్తుంది. తెర మీద నీలంగా కనిపించే రెక్కకు, చీటీ చూసి, ఆపరేటరు బంగారు రంగు కోను ఎక్కించి మీట నొక్కుతాడు.