గాజుతీగ పాఠంలో ఒక లోటు

గాజుతీగలో కాంతి ఎట్లా పోతుందని అడిగితే విద్యార్థి తడుముకోకుండా "సంపూర్ణాంతర పరావర్తనం" అంటాడు. తప్పు కాదు. కాని వంపు తిరిగిన నీటిధార వెంట కాంతి కూడా వంగి పోవడాన్ని కొలడాన్ 1842లోనే వర్ణించినాడు. లేసరు 1960లో వచ్చింది. అయినా గాజుతీగల మీద దూరవార్తలు పంపడం వెంటనే సాధ్యం కాలేదేమి? మన పాఠాలు పరావర్తనపు బొమ్మ దగ్గర ఆగిపోయి ఈ ప్రశ్న వేయనే వేయవు.

చార్లెస్ కావో, జార్జి హాకం 1966లో ప్రకటించిన వ్యాసం విలువ ఇక్కడే ఉన్నది. నాటి గాజుతీగలలో నష్టం కిలోమీటరుకు సుమారు 1000 డెసిబెళ్లు. అనగా 20 మీటర్లు పోయేసరికి కాంతిలో నూరవ వంతే మిగులుతుంది. దోషం గాజుది కాదు, అందులోని ఇనుము మొదలైన మలినాలదని వారు వాదించినారు. నష్టం 20 డెసిబెళ్లకు దిగితే పని జరుగుతుందన్నారు. అట్టి గాజును చేసి చూపలేదు. వ్యాసానికి అది కొరతే. 1970లో కార్నింగు కంపెనీ ఆ కొరత తీర్చింది. నేడు సుమారు 0.2 డెసిబెళ్ల తీగలున్నవి. కాంతి నూరవ వంతుకు తగ్గడానికి వాటిలో 100 కిలోమీటర్లు పోవాలి.

తరగతిలో కిటికీ అద్దాన్ని అంచువైపు నుండి చూపించండి. అక్కడ కనిపించే ఆకుపచ్చదనం ఇనుముదే.