కొత్త కంప్యూటర్ ఇచ్చిన జాబితా

2010లో బడులు తెరిచిన కొత్తలో రేపల్లెలో ఒక బడికి ఆరు పాత కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో డెబియన్ లెన్నీ ఎక్కించి, పిల్లలు తెలుగులో టైపు చేసుకునేలా చూడమని అక్కడి తెలుగు మాస్టారు అడిగారు. బడిలో నెట్ లేదు. తెనాలిలో మా ఇంట్లో ఉంది. కావలసిన ప్యాకేజీలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాను.

అప్పట్లో తెలుగు టైపుకు స్కిమ్ వాడేవాళ్లం. దానికి మన కీబోర్డును జతచేసేది స్కిమ్-ఎం17ఎన్. మల్టీలింగ్వలైజేషన్ అనే ఇంగ్లిషు మాటలో మొదటి ఎంకూ చివరి ఎన్‌కూ నడుమ 17 అక్షరాలున్నాయి, అందుకే ఆ పేరు. దాని వెనకున్న లైబ్రరీ, లిబ్ఎం17ఎన్, జపాన్ పరిశోధకులది. తెర మీద కనబడే అక్షరాలేమో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు. ఎంతమంది ఎక్కడెక్కడ కూర్చుని చేసిన పని ఒక బడిపిల్ల వేలి కిందికి వస్తుందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఫాంట్లు ఎక్కాయి. స్కిమ్-ఎం17ఎన్ దగ్గర ఆగిపోయింది. లిబ్ఎం17ఎన్ కావాలి, అది లేదు అంది. నెట్ ఉన్నచోట, ప్యాకేజీలు దించే ఏపీటీ అవసరమైనవన్నీ తనే వెతికి తెస్తుంది.  నెట్ లేని ఆ గదిలో ఆ సాయం లేదు. దించినవాటిని ఎక్కించే డీపీకేజీ మనమిచ్చిన ఫైలును మాత్రమే చూస్తుంది, లేనిదాని పేరు చెప్పి ఊరుకుంటుంది.

తప్పెక్కడ జరిగిందో తిరుగు రైల్లో తట్టింది. నేను దించింది రోజూ తెలుగు రాసుకునే కంప్యూటర్‌లో. లిబ్ఎం17ఎన్, దానికి కావలసిన లిబ్ఓటీఎఫ్, కీల పట్టికలుండే ఎం17ఎన్-డీబీ, అన్నీ అందులో ఎప్పుడో చేరిపోయాయి. స్కిమ్-ఎం17ఎన్‌ను పేరు పెట్టి మళ్లీ దించమన్నాను, అదొక్కటే దిగింది. ఎలాగూ ఉన్నాయి కదా అని మిగతావాటిని ఏపీటీ దించలేదు, నేనూ అడగలేదు. దమ్ము చేసిన పొలంలోనే ఎప్పుడూ నాట్లు వేసినవాడికి దమ్ము సంగతి గుర్తుండదు.

కావలసింది ఏమీ లేని కంప్యూటర్. బాపట్లలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఆ వారమే లెన్నీ ఎక్కించుకున్నాడు. రేపల్లె పట్టాలకు చివరి స్టేషన్. రైల్లో బాపట్ల వెళ్లాలంటే తెనాలిలో దిగి మారాల్సిందే. మారాను.

"నా దాంట్లో ఏం లేదు మామయ్యా, నిన్ననే వేశా" అన్నాడు వాడు మొహమాటంగా.

"అందుకే వచ్చానురా" అన్నాను.

దించు, ఎక్కించకు అని ఏపీటీకి చెప్పాం. ఈసారి పెద్ద జాబితా వచ్చింది. అందులో సగం పేర్లు నేను అంతకుముందు శ్రద్ధగా చదివినవి కావు. వాడి గదిలో కూర్చుని ఒక్కొక్క పేరూ, అది ఎందుకోసమో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది. తర్వాత ఎవరికి ఏది ఎక్కించినా, ముందు బోసి కంప్యూటర్‌లో ఒకసారి అడిగి చూడటం అలవాటైంది. వెర్షన్ ఒకటే కావాలి, 32 బిట్లా 64 బిట్లా అన్నదీ కలవాలి. మిగతాది ఆ జాబితాయే చెబుతుంది.

మర్నాడు రేపల్లెలో డీపీకేజీ ఎక్కడా ఆగలేదు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ముందు కూర్చుంది. ఊరి పేరు కొట్టమన్నాను. 'రేప' దాకా కొట్టి తలెత్తింది.

"మాస్టారూ, లావత్తు ఏ మీట మీదుందండీ?"

వత్తుకు వేరే మీట లేదమ్మా, ల కొట్టి, డీ నొక్కి, మళ్లీ ల కొట్టమన్నాను. ఆ కీబోర్డులో ల ఉండేది ఎన్ మీట మీద: ఎన్, డీ, ఎన్. రెండో ల మొదటిదాని కిందికి చేరింది.